బహిరంగ కళలో చంద్రుడు: దీపంతో వెలిగే గోళం కావాలా, చంద్రగతితో నడిచే కళాఖండం కావాలా?

తదియ (చర్చ ప్రారంభించినవారు)

చంద్రుణ్ణి కేంద్రంగా చేసుకొని బహిరంగ కళా ప్రదర్శనలు పెట్టే నగరాలు ప్రపంచంలో ఇప్పుడు చాలానే ఉన్నాయి. ఆ ప్రదర్శనల ఉద్దేశాన్ని వివరించేటప్పుడు నిర్వాహకులు సాధారణంగా రెండు మాటలు చెబుతారు. చంద్రుడు అన్ని సంస్కృతులనూ కలుపుతాడన్నది మొదటిది. చంద్రగతిని గుర్తుచేసి ప్రకృతి పట్ల శ్రద్ధ పెంచుతామన్నది రెండోది. ఈ రెండు మాటలూ నాకు ప్రియమైనవే. అయితే ఏ తరహా కళ వాటిని నిలబెట్టుకుంటోందన్న విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది కాబట్టి ఈ చర్చను మొదలుపెడుతున్నాను.

అందరికీ తెలిసిన ఉదాహరణ బ్రిటిష్ కళాకారుడు ల్యూక్ జెరమ్ రూపొందించిన ‘మ్యూజియం ఆఫ్ ద మూన్’. 2016 నుంచి దేశదేశాలు తిరుగుతున్న ఈ గోళం అడ్డుకొలత 7 మీటర్లు. నాసా వ్యోమనౌక తీసిన చంద్రుడి చిత్రాలను దానిపై ముద్రించి, లోపల దీపాలు పెట్టి వేలాడదీస్తారు. గోళం మీద ఒక సెంటీమీటరు అసలు చంద్రుడి మీద 5 కిలోమీటర్లతో సమానం. దాని కింద నిలబడినవారికి కలిగే విస్మయాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆ చంద్రుడు ప్రతి రాత్రీ పున్నమి చంద్రుడే. సగటున 29.53 రోజులకు పూర్తయ్యే వృద్ధిక్షయాల చక్రం, రోజుకు సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమయ్యే చంద్రోదయం, అమావాస్యకూ పౌర్ణమికీ ఉప్పొంగి అష్టముల నాటికి తగ్గే పోటు, ఇవన్నీ కలిస్తేనే చంద్రగతి. వీటిలో ఒక్కటైనా ఆ గోళంలో లేదు.

ఇంగ్లాండులో కొందరు కళాకారులు ఇందుకు భిన్నమైన దారి పట్టారు. బ్లాక్‌పూల్ సముద్రపు గోడ దగ్గర 2002లో నిలబెట్టిన ‘హై టైడ్ ఆర్గన్’ 15 మీటర్ల ఎత్తున్న వాయిద్యం. గోడకు అమర్చిన గొట్టాల్లోకి పోటు నీరు చొరబడి గాలిని పైకి నెడితే, ఆ గాలి నాళాల గుండా వెళ్లి స్వరాలై పలుకుతుంది. పోటు దిగిపోయాక ఆ వాయిద్యం మౌనంగా ఉండిపోతుంది. మార్కస్ వెర్జెట్ అనే శిల్పి 2009లో డెవన్ ప్రాంతంలోని ఆపిల్‌డోర్‌లో మొదలుపెట్టిన ‘టైమ్ అండ్ టైడ్ బెల్’ గంటలు కూడా అంతే. పోటు నీరు లేచి గంట నాలుకను కదిపినప్పుడే అవి మోగుతాయి. సముద్రమట్టం పెరిగేకొద్దీ అవి మోగే వ్యవధి కూడా పెరుగుతుంది కాబట్టి, చంద్రుడి ఆకర్షణా మనం వేడెక్కించిన సముద్రమూ ఆ ఒక్క నాలుక కదలికలోనే వినిపిస్తాయి. 2015లో జేసన్ డికెయిరెస్ టేలర్ లండన్‌లోని థేమ్స్ నదిలో నాలుగు గుర్రపు విగ్రహాలను నిలిపి, వాటి తలల స్థానంలో చమురు బావుల పంపులను పెట్టారు. నీరు వెనక్కి తగ్గే పాటు సమయంలో రోజుకు రెండుసార్లు మాత్రమే అవి పూర్తిగా బయటపడేవి.

నా ప్రతిపాదన సూటిగా ఇది: ప్రజాధనంతో నిలిపే కళాఖండానికి చంద్రగతి పేరు పెట్టదలచుకుంటే, దాన్ని నడిపేది చంద్రుడే కావాలి. స్విచ్ నొక్కితే వెలిగేదానికి ఆ పేరు ఇవ్వకూడదు. మీ అభిప్రాయాలు తెలపండి.

వెన్నెలమెట్టు

తదియ గారి ప్రతిపాదనతో నేను ఏకీభవించలేను. ప్రకృతి పట్ల శ్రద్ధ ఎక్కడ మొదలవుతుందన్న ప్రశ్నను వారు దాటవేశారని నా అభిప్రాయం. 2016లో వెలువడిన కృత్రిమ రాత్రికాంతి ప్రపంచపటం ప్రకారం మానవజాతిలో మూడో వంతు కంటే ఎక్కువమందికి పాలపుంత కనిపించదు, 80 శాతానికి పైగా జనం కాంతి కాలుష్యం ఉన్న ఆకాశం కిందే బతుకుతున్నారు. అటువంటి నగరవాసులకు రాత్రి ఆకాశంలో ఇంకా మిగిలి ఉన్న పెద్ద ఆధారం చంద్రుడొక్కడే. అయినా తల ఎత్తి అతణ్ణి చూసే అలవాటు తగ్గిపోతోంది. ఆ అలవాటును తిరిగి తెచ్చే పనిని ఒక గోళం చేస్తే, అది ప్రతి రాత్రీ పున్నమిగానే ఉందన్న కారణంతో దాన్ని తోసిపుచ్చడం నాకు న్యాయంగా తోచదు.

జెరమ్ గోళం చూపేదాన్ని అసలు చంద్రుడు చూపలేడన్న సంగతి కూడా గమనించాలి. తన చుట్టూ తాను తిరగడానికీ భూమి చుట్టూ తిరగడానికీ చంద్రుడికి ఒకే కాలం పడుతుంది కాబట్టి భూమి మీద నిలబడి అతని ఆవలి ముఖాన్ని ఎవరూ చూడలేరు. ఈ గోళం చుట్టూ నడిచే పిల్లవాడు ఆ ముఖాన్నీ, దాని నిండా ఉన్న గుంతలనూ చూస్తాడు. ఎవరో చెబితే నమ్మడం కాకుండా తన కాళ్లతో చుట్టివచ్చి తెలుసుకుంటాడు.

ఇక సంస్కృతుల విషయం. ఇస్లామీయ పంచాంగం పూర్తిగా చాంద్రమానం. అందులో ఏడాదికి 354 లేక 355 రోజులు కాబట్టి దాని మాసాలు ఋతువుల గుండా ఏటా సుమారు 11 రోజులు వెనక్కి జరుగుతూ పోతాయి. యూదుల పంచాంగమూ చైనా పంచాంగమూ 19 ఏళ్లలో 7 అధికమాసాలను చేర్చి, 235 చాంద్రమాసాలను సూర్యుడి లెక్కతో సరిపెడతాయి. ఒకే గోళం కింద ఈ మూడు లెక్కలు పాటించేవారు కలిసి కూర్చొని తమ తమ నెలలు ఎలా మొదలవుతాయో చెప్పుకోగలరు. పోటు గంట దగ్గర అలాంటి సమావేశం ఏర్పాటు చేయడం ఎంత కష్టమో ఆలోచించండి. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో బతికేవారికి తదియ గారు ఏ కళాఖండాన్ని చూపిస్తారు? చంద్రగతితో నడవనిది కళే కాదంటే మైదానాల్లో, పీఠభూముల్లో ఉండే కోట్లమందిని ఈ సంభాషణ నుంచి బయటకు పంపినట్టే అవుతుంది.

చీకటిగూడు

మీ ఇద్దరి వాదనలూ మనుషుల చుట్టూనే తిరుగుతున్నాయి. చర్చ మొదట్లోనే ప్రకృతి పట్ల శ్రద్ధ అన్న మాట పెట్టుకున్నప్పుడు, చంద్రకాంతి మీద ఆధారపడి బతికే మిగతా జీవుల పక్షాన కూడా ఎవరో ఒకరు మాట్లాడాలి.

మొదట కొలతలు చూద్దాం, నేల మీద పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. నడినెత్తిన ఉన్న పున్నమి చంద్రుడు నేల మీద పరిచే కాంతి అత్యధికంగా 0.3 లక్స్ ఉంటుంది, మామూలుగా అంతకన్నా తక్కువే. ఒక సాధారణ వీధిదీపం కింద 10 లక్స్ వెలుగు ఉండటం విశేషం కాదు. జీవులు కోట్ల సంవత్సరాలుగా తమ నడవడిని మలచుకున్నది ఆ చిన్న అంకె చుట్టూ. దానికి ముప్ఫై రెట్ల వెలుగును మనం మామూలుగా భావిస్తున్నాం.

పగడాల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చంద్రగతి అన్న మాటకు అంతకన్నా స్పష్టమైన నిదర్శనం నాకు తెలియదు. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో ఏడాదికొకసారి, వసంతం ముగిసే రోజుల్లో, పౌర్ణమి వెళ్లిన కొద్ది రాత్రులకు అనేక జాతుల పగడాలు అండాలనూ బీజాలనూ ఒకేసారి నీటిలోకి వదులుతాయి. పౌర్ణమి దాకా సూర్యాస్తమయం అయ్యేసరికే చంద్రుడు ఆకాశంలో ఉంటాడు కాబట్టి మధ్యలో చీకటి ఉండదు. పౌర్ణమి దాటాక చంద్రోదయం ఆలస్యమై, పొద్దుగూకడానికీ చంద్రుడు పైకి రావడానికీ మధ్య చిన్న చీకటి గడియ ఏర్పడుతుంది. పగడాలు గుర్తుపట్టే సంకేతం ఆ చీకటి గడియే. తీరంలో దీపాలు వెలిగితే అది చెదిరిపోతుంది. కృత్రిమ కాంతి పడే చోట్ల పగడాలు పౌర్ణమికి ఒకటి నుంచి మూడు రోజులు దగ్గరగా జరిగి బీజాలు వదులుతున్నాయని 2023లో ప్రచురితమైన అంతర్జాతీయ అధ్యయనం తేల్చింది. వెలుగున్న దిబ్బ ఒక రాత్రి వదిలి, చీకటిలో ఉన్న దిబ్బ మరో రాత్రి వదిలితే ఆ రెండింటి సంతానం కలిసే అవకాశం తగ్గుతుంది.

కాంతితో చేసిన బహిరంగ కళ వల్ల జరిగే హాని ఊహ మాత్రమే అనుకునేవారికి న్యూయార్క్‌లోని ‘ట్రిబ్యూట్ ఇన్ లైట్’ను చూపిస్తాను. అది చంద్రుడి గురించిన కళ కాదు, 2001 సెప్టెంబరు 11 మృతుల స్మారకం. దాని పవిత్రతను నేను ప్రశ్నించను. ఇక్కడ ప్రస్తావించడానికి కారణం, కాంతి కళలో దాని ప్రభావాన్ని కొలిచినంత జాగ్రత్తగా మరిదేని ప్రభావాన్నీ కొలిచినట్టు నాకు కనిపించకపోవడం. 88 జినాన్ దీపాలు ఆకాశంలోకి రెండు కాంతిస్తంభాలను నిలబెడతాయి. సరిగ్గా అవే రోజుల్లో పక్షులు రాత్రివేళ దక్షిణానికి వలస పోతుంటాయి. ఏడేళ్లలో ఏడు రాత్రుల్లో సుమారు 11 లక్షల పక్షులు ఆ కాంతి ప్రభావానికి లోనయ్యాయని 2017లో వెలువడిన అధ్యయనం లెక్కగట్టింది. అవి అరుస్తూ, దారి తప్పి, స్తంభాల చుట్టూ తిరుగుతూ అలసిపోయేవి. దీపాలు ఆర్పిన కొద్ది నిమిషాల్లోనే చెదిరి తమ దారిన వెళ్లిపోయేవి. అందుకే కాంతిస్తంభాల్లో వెయ్యికి మించి పక్షులు చేరాయని పరిశీలకులు లెక్కిస్తే సుమారు 20 నిమిషాలు దీపాలు ఆర్పే ఏర్పాటు అమలులోకి వచ్చింది.

దేశం మొత్తం చూస్తున్న స్మారకమే పక్షుల కోసం ఆరిపోగలిగినప్పుడు, చంద్రుడి పేరు పెట్టుకున్న వినోద ప్రదర్శనకు ఆ నియమం భారం కాకూడదు. కప్పు కింద పెట్టే గోళాలతో నాకు తగాదా లేదు. ఆరుబయట, నీటి ఒడ్డున, తోటల్లో వేలాడదీసేవాటితోనే ఉంది.

నీటిరేఖ

పోటుతో నడిచే కళను తదియ గారు ప్రకృతికి స్నేహపూర్వకమైనదిగా చూపారు కాబట్టి, అందులోని చిక్కులు కూడా ఇక్కడ ఉండాలి.

బ్రిటిష్ శిల్పి ఆంటొనీ గార్మ్‌లీ శిల్పాలు ‘అనదర్ ప్లేస్’ 2005లో ఇంగ్లాండులోని క్రాస్బీ బీచ్‌కు వచ్చాయి. ఒక్కొక్కటి సుమారు 650 కిలోల బరువున్న 100 పోత ఇనుప మనుషులు, దాదాపు 3 కిలోమీటర్ల మేర, సముద్రం వైపు ముఖం పెట్టి నిలబడి ఉంటారు. పోటు వచ్చినప్పుడు ముందు వరుసలు మునిగిపోతాయి, పాటులో తిరిగి బయటపడతాయి. బార్నకిల్స్ అనే గుల్లజీవులు పట్టి, తుప్పు పట్టి, వాటి చర్మం సముద్రపు చర్మంలా మారిపోయింది. చంద్రుడు నడిపే కళకు ఇంతకన్నా గొప్ప నమూనా ఉండదనే అనుకోవచ్చు. అయినా 2006లో వాటిని అక్కడే ఉంచడానికి స్థానిక మండలి మొదట అనుమతి నిరాకరించింది. తడి ఇసుకలో సందర్శకులు కూరుకుపోతారని, పోటుకు చిక్కుతారని రక్షణ సిబ్బంది భయపడ్డారు. పక్షులు మేత వెతుక్కునే తీరంలోకి జనం వెల్లువెత్తడం పర్యావరణవాదులకు నచ్చలేదు. చిన్న పడవలవారికి వేరే అభ్యంతరాలున్నాయి. 2007లో కొన్ని విగ్రహాల స్థలం మార్చే షరతుతో శాశ్వత అనుమతి లభించింది.

చంద్రుడు నడిపినంత మాత్రాన కళ ప్రకృతి పక్షాన నిలిచినట్టు కాదు. తీరపు బురదనేల ఖాళీ స్థలమూ కాదు, ఎవరో వచ్చి శిల్పం నిలబెడతారని ఎదురుచూస్తున్నదీ కాదు. పాటు సమయంలో అక్కడ తినవలసినవి తింటున్నాయి, దాక్కోవలసినవి దాక్కుంటున్నాయి. సరిగ్గా ఆ గడియలోనే కళాఖండం జనాన్ని అక్కడికి పిలుస్తుంది. ఈ విషయంలో బ్లాక్‌పూల్ వాయిద్యం మెరుగు. అది గోడ మీదే ఉంటుంది కాబట్టి వినడానికి ఎవరూ నీటి అంచుకు దిగనవసరం లేదు.

మట్టికట్ట

ఇప్పటిదాకా దీపాల గురించీ నీటి గురించీ మాట్లాడారు. సంస్కృతులను కలపడం అన్న మాటను వెన్నెలమెట్టు గారు తప్ప ఎవరూ పట్టించుకోలేదు. వారు కూడా దాన్ని చాలా సులభమైన పనిగా చూశారు.

అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, నెవార్క్ పట్టణంలో రెండు వేల ఏళ్ల కిందటి మట్టికట్టడం ఒకటి ఉంది. సుమారు 50 ఎకరాలను చుట్టిన అష్టభుజి, దానికి మట్టిగట్ల దారితో కలిపిన 20 ఎకరాల వలయం. మనం ఇప్పుడు హోప్‌వెల్ సంస్కృతి అని పిలుస్తున్న జనం దాన్ని గంపలతో మట్టి మోసి కట్టారు. చంద్రోదయ స్థానం దిక్చక్రం మీద ఉత్తరానికీ దక్షిణానికీ ఊగుతూ, ఆ ఊగిసలాట 18.6 ఏళ్లకొకసారి గరిష్ఠానికి చేరుతుంది. ఆ గరిష్ఠ ఉత్తర బిందువు దగ్గర చంద్రుడు లేచే దిశకు ఈ కట్టడపు నడిగీత సూటిగా గురిపెట్టి ఉంది. రే హైవ్లీ, రాబర్ట్ హార్న్ అనే ఇద్దరు అధ్యాపకులు 1982లో ఈ సంగతిని ప్రచురించారు. దీపం లేదు, యంత్రం లేదు. ఒక తరం చూసినదాన్ని మరో తరానికి అందిస్తేనే తప్ప దొరకని జ్ఞానాన్ని నేల మీద మట్టితో గీశారు. చంద్రగతితో నడిచే బహిరంగ కళ అన్న మాటకు నా దృష్టిలో ఇదే తొలి అర్థం.

ఆ స్థలానికి తరువాత ఏం జరిగింది? ఈ నేలలతో సంబంధమున్న షానీ మొదలైన ఆదివాసీ జాతులను 1830ల కాలంలో బలవంతంగా పడమటికి పంపేశారు. 1910 నుంచి ఆ అష్టభుజిని లీజుకు తీసుకున్న క్లబ్బు గట్ల మధ్య గోల్ఫ్ మైదానం నడిపింది. కట్టినవారి వారసులుగా తమను భావించుకునేవారు చంద్రోదయం చూడటానికి లోపలికి రావాలంటే క్లబ్బు అనుమతించిన రోజుల కోసం ఆగవలసి వచ్చేది. లీజును ముగించుకునే హక్కు ఒహాయో చరిత్ర సంస్థకు ఉందని రాష్ట్ర సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో తీర్పు ఇచ్చింది. 2023లో ఈ కట్టడాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 2025 జనవరి 1 నుంచి అష్టభుజి ప్రజలందరికీ ఏడాది పొడవునా తెరిచి ఉంది.

చంద్రుడు అందరివాడన్న మాట ఎంత అందంగా ఉన్నా, అతణ్ణి చూసే చోటు అందరిదీ కాలేదన్నది ఇక్కడి చరిత్ర. సంస్కృతులను కలుపుతామనే కళాకారులు గోళం కింద మూడు పంచాంగాలను పక్కపక్కన ప్రదర్శించి ఊరుకుంటే, కథలను సేకరించినవారవుతారే తప్ప మనుషులను కలిపినవారు కారు. 2024 జనవరిలో ఒక ప్రైవేటు నౌక మనుషుల చితాభస్మాన్ని చంద్రుడి మీదికి తీసుకుపోబోతుంటే అమెరికా ఆదివాసీలైన నవాహో జాతి అధ్యక్షుడు బూ నైగ్రెన్ అభ్యంతరం తెలిపారు. చంద్రుడు తమకు పవిత్రమని, అటువంటి పనికి ముందు తమతో సంప్రదించాలని ఆయన కోరారు. మరుసటి నెలలోనే అమెరికన్ కళాకారుడు జెఫ్ కూన్స్ చేసిన 125 చిన్న చంద్ర శిల్పాలు మరో ప్రైవేటు నౌకలో చంద్రుడి మీద దిగాయి. రెండూ ఒకటి కావని నాకు తెలుసు, చితాభస్మం వేరు, శిల్పం వేరు. అయినా చంద్రుడి విషయంలో ఎవరి మాట అడగాలన్న ప్రశ్న రెండింటి ముందూ ఉంది.

అడిగి చేసే పద్ధతికి ఉదాహరణ న్యూజిలాండ్‌లో ఉంది. అక్కడి ఆదివాసీలైన మావోరీల చాంద్రమాన పంచాంగం మరమతక ప్రకారం కృత్తికలు తిరిగి ఉదయించే కాలానికి జరుపుకునే మతారికి పండుగను 2022లో జాతీయ సెలవుగా చేసినప్పుడు, తేదీ ఏటా మారేలా, ఆ మాసంలోని నిర్దిష్ట చంద్రకళను బట్టి నిర్ణయమయ్యేలా చట్టం రాశారు. తేదీలను సూచించే బాధ్యతను మావోరీ నిపుణులకు అప్పగించారు. ఆ నిపుణుల్లో ముఖ్యుడైన ప్రొఫెసర్ రంగి మాతామువా, ఆకాశాన్నీ ప్రకృతినీ గౌరవించే పండుగకు బాణసంచా తగదని బహిరంగంగా చెప్పారు. చీకటిగూడు గారి ఆందోళన అక్కడ సంస్కృతి లోపలి నుంచే వచ్చింది, బయటి నియమంగా రాలేదు.

దీపగణితం

నేను కాంతి అమరికల పనిలో ఉన్నాను కాబట్టి సాంకేతిక విషయం ఒకటి చేరుస్తాను. గోళాన్ని అసలు చంద్రుడి కళను బట్టి వెలిగించవచ్చు కదా అని ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు అడుగుతారు. చంద్రకళను గణించడమూ, దాన్ని బట్టి దీపపు తీవ్రతను తగ్గించడమూ పెద్ద పని కాదు. కానీ నిజాయితీగా చేస్తే ఫలితం నిర్వాహకులు ఊహించినట్టు ఉండదు. అష్టమి నాటి అర్ధచంద్రుడు పున్నమి కాంతిలో సగం ఇస్తాడని చాలామంది అనుకుంటారు. వాస్తవంలో అతను ఇచ్చేది సుమారు పదో వంతే. గుంతల, కొండల నీడలు పరుచుకోవడం, పౌర్ణమి నాడు మాత్రమే కాంతి సూటిగా మన వైపు తిరిగి రావడం ఇందుకు కారణాలు. అంటే నెలలో నాలుగైదు రాత్రులు మాత్రమే గోళం బాగా వెలుగుతుంది, మిగతా రాత్రుల్లో మసకగా ఉంటుంది, అమావాస్యకు ఆరిపోతుంది. టికెట్టు అమ్మే ప్రదర్శనకు ఇది ఇబ్బంది. ఉచితంగా నిలిపే బహిరంగ కళకు మాత్రం ఇదే సరైన రూపమని నా నమ్మకం.

ఇంకో చిక్కు కూడా ఉంది. వీధిదీపానికి టోపీ తొడిగి కాంతిని నేల వైపు మళ్లించవచ్చు. గోళానికి ఆ వీలు లేదు, అన్ని వైపుల నుంచీ కనిపించడమే దాని స్వభావం. దాని పై సగం ఆకాశంలోకే వెలుగుతుంది. అందువల్ల ఆరుబయట గోళానికి వేళ నియమం తప్ప వేరే మందు లేదు. కప్పు కింద ఈ సమస్య రాదు, చీకటిగూడు గారు గీసిన గీత సాంకేతికంగా కూడా సరైనదే.

తదియ

అందరి అభిప్రాయాలూ శ్రద్ధగా చదివాను. వెన్నెలమెట్టు గారి ప్రశ్నకు మొదట జవాబు చెబుతాను. చంద్రగతితో నడిచే కళకు సముద్రం తప్పనిసరి కాదని మట్టికట్ట గారి అష్టభుజి చూపిస్తోంది. మన కాలపు ఉదాహరణ కావాలంటే అమెరికన్ కళాకారిణి నాన్సీ హోల్ట్ 1973 నుంచి 1976 వరకు శ్రమించి యూటా ఎడారిలో నిలిపిన ‘సన్ టన్నెల్స్’ ఉంది. మనిషి నిటారుగా నడవగలిగేంత పెద్దవైన నాలుగు కాంక్రీటు గొట్టాలవి. అయనాంతపు సూర్యోదయ, సూర్యాస్తమయాల దిశలకు వాటిని అమర్చారు. గొట్టాల పైభాగంలో నాలుగు నక్షత్రమండలాల ఆకారంలో రంధ్రాలు పొడిచారు. పేరు సూర్యుడిదే అయినా, రాత్రి చంద్రుడు తగినంత వెలిగినప్పుడు ఆ రంధ్రాల గుండా లేత వెన్నెల చుక్కలు లోపలి వంపు మీద పడి మెల్లగా జరుగుతాయి. చంద్రుడు లేని రాత్రి లోపల ఏమీ ఉండదు. అటువంటి కట్టడాన్ని ఏ మైదానంలోనైనా, ఏ పీఠభూమిలోనైనా కట్టవచ్చు, దానికి కరెంటు అక్కరలేదు.

నీటిరేఖ గారి హెచ్చరికను నా ప్రతిపాదనలో చేరుస్తున్నాను. చంద్రుడు నడిపే కళ అయినా, జనం నిలబడే చోటు జీవుల మేతనేల కాకూడదు. దీపగణితం గారి లెక్క వల్ల ఆరుబయట గోళాలకు కూడా ఒక దారి దొరికింది. అవి అసలు చంద్రుడి కాంతి నిష్పత్తిని పాటించి, అమావాస్యకు ఆరిపోయి, వలస కాలంలో పక్షులు చేరితే ఆర్పే మనిషిని పక్కన ఉంచుకుంటే, వాటికి చంద్రగతి పేరు పెట్టడానికి నేను అడ్డుచెప్పను. మూడో షరతు మట్టికట్ట గారిది. చంద్రుణ్ణి లెక్కించే సంప్రదాయాలను ప్రదర్శనలో వాడుకునేవారు ఆ సంప్రదాయాల వారికి తేదీని, చోటును, వేళను నిర్ణయించే అధికారంలో వాటా ఇవ్వాలి. ప్రారంభోత్సవానికి పిలిచి కుర్చీ వేస్తే సరిపోదు.

వెన్నెలమెట్టు

పక్షుల నియమమూ, సంప్రదాయాల వారికి నిర్ణయాధికారంలో వాటా ఇవ్వడమూ, ఈ రెండు షరతులకు నేను మనస్ఫూర్తిగా సమ్మతిస్తున్నాను. మేతనేలల విషయంలోనూ తగాదా లేదు. కాంతి నిష్పత్తి షరతు దగ్గర మాత్రం ఆగిపోతున్నాను.

దీపంతో చేసే కళకు తనదైన సత్యం ఉంటుందని నేను నమ్ముతాను. కేటీ పాటర్సన్ 2008లో వెన్నెలను అనుకరించే బల్బును తయారుచేయించారు. ఒక మనిషి జీవితకాలానికి సరిపడా వెన్నెల అని 289 బల్బులను ఒక అరలో పేర్చి పెట్టారు. అది చంద్రగతిని పాటించదు. కానీ ఆ అర ముందు నిలబడినవారికి, ఒక మనిషికి దొరికే వెన్నెల ఇంతేనని, అది లెక్కకు అందేదని తెలుస్తుంది. ఆ ఎరుకను చంద్రుడు నేరుగా ఇవ్వలేదు, కళాకారిణి ఇచ్చింది. గోళానికి కూడా అటువంటి స్వేచ్ఛ ఉండాలి. కప్పు కింద అది రోజూ పున్నమిగా వెలిగితే, దాన్ని చంద్రగతి అని పిలవకూడదన్న మీ మాట ఒప్పుకుంటాను, కానీ చంద్రుడి కళగా దానికి ప్రజాధనం అందాలనే అంటాను.

మట్టికట్ట

ధనం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క విషయం. చంద్రోదయ స్థానం గరిష్ఠానికి చేరిన కాలం 2024, 2025లలో గడిచింది, మళ్లీ 2043 ప్రాంతంలో వస్తుంది. కళాఖండాలకు నిధులిచ్చే సంస్థలు కొన్నేళ్ల ప్రణాళికతో పనిచేస్తాయి. ప్రారంభం నాటికే డబ్బు ఖర్చైపోతుంది, తరువాత గొట్టం పూడుకుపోయినా గంట నాలుక తుప్పుపట్టినా పట్టించుకునేవారు ఉండరు. దీపపు గోళమైతే మడిచి మరో ఊరికి పంపేయవచ్చు, దాని సౌకర్యం అక్కడే ఉంది. తదియ గారు కోరే కళకు ఆ సౌకర్యం లేదు. కాబట్టి మీ ప్రతిపాదన పాఠంలో షరతులతో పాటు ఈ వాక్యం కూడా ఉండాలని కోరుతున్నాను: కనీసం ఒక పూర్తి 18.6 ఏళ్ల చక్రానికి నిర్వహణ నిధిని ముందే కేటాయించి, చూసుకునే బాధ్యతను స్థానికులకు రాతపూర్వకంగా అప్పగించాకే పునాది తీయాలి.

తదియ

చేర్చాను. కాంతి నిష్పత్తి షరతును ఆరుబయట గోళాలకే పరిమితం చేశాను, కప్పు కింది వాటిని ప్రతిపాదన నుంచి తీసేశాను. ప్రజాధనం విషయంలో వెన్నెలమెట్టు గారితో నా విభేదం అలాగే ఉంది. ఉన్న కొద్దిపాటి నిధి ముందు పూడుకుపోయిన గొట్టాలకూ తుప్పుపట్టే గంటలకూ వెళ్లాలని నేను కోరుకుంటున్నాను. సవరించిన పాఠం మీద అభ్యంతరాలుంటే, ఏ వాక్యంపై ఎందుకన్నది స్పష్టంగా రాయవలసిందిగా సభ్యులను కోరుతున్నాను.